రోమ్‌లో పోప్ ఫ్రాన్సిస్ తొక్కిన గుమ్మాలు: నాలుగు గంటల వాకింగ్ టూర్‌పై నా సమీక్ష

2025 సెప్టెంబర్ చివరి వారంలో రోమ్‌లో ఒక వాకింగ్ టూర్‌కి వెళ్లాను. పోప్ ఫ్రాన్సిస్ పన్నెండేళ్లలో ఎవరి గుమ్మం తొక్కారో, ఎవరి కోసం ఏ తలుపు తెరిపించారో ఆ చోట్లన్నీ కాలినడకన తిప్పి చూపించే టూర్ అది. నాలుగు గంటలు పడుతుంది. మనిషికి 38 యూరోలు, ఆ రోజు లెక్కన దాదాపు 3,900 రూపాయలు. ఇద్దరు ఆడవాళ్లు కలిసి నడుపుకుంటున్న చిన్న సర్వీస్. నాకు బాగా నచ్చినవి చాలా ఉన్నాయి, గట్టిగా అభ్యంతరం చెప్పాల్సింది ఒకటుంది. అందుకే పేరు రాయడం లేదు. దారి మాత్రం మొత్తం రాస్తున్నాను, కావాలంటే గైడ్ లేకుండా కూడా నడవచ్చు.

నేనెవరినో ముందు చెప్పాలి, లేకపోతే ఈ సమీక్షకి అర్థం ఉండదు. గుంటూరులో ముప్ఫై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేశాను. అందులో ఇరవై రెండేళ్లు యూనియన్ పనుల్లో ఉన్నాను. మాది ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) కుటుంబం, దళితులం. మా నాన్న ఊళ్లో ఉపదేశి. ఫాదర్‌గారు రాని ఆదివారాల్లో ప్రార్థన నడిపించడం, పిల్లలకి జపాలు నేర్పడం, చావులకీ పెళ్లిళ్లకీ ముందుండడం ఆయన పని. నేను పాతికేళ్లు నిండకముందే గుడికి వెళ్లడం మానేశాను. నాన్న బాధపడ్డారు గానీ ఎప్పుడూ బలవంతం చేయలేదు.

2025 ఏప్రిల్ 21న, ఈస్టర్ మర్నాడు, ఫ్రాన్సిస్ చనిపోయారన్న వార్త రాగానే మా యూనియన్ వాట్సాప్ గ్రూపు నిండా ఆయన ఫోటోలే. దేవుడి పేరెత్తని కామ్రేడ్లు కూడా పెట్టారు. పేదల పక్షాన నిలబడ్డ పోప్ అని ఒకరు, ఈ ఆర్థిక వ్యవస్థ మనుషుల్ని చంపుతోందని 2013లోనే చెప్పిన మతపెద్ద అని ఇంకొకరు. సాయంత్రం, మహిళా కమిటీలో నాతో కలిసి పనిచేసిన ఒకావిడ ఒకే ఒక్క వాక్యం రాసింది: 'అబార్షన్ గురించి ఆయన అన్న మాటలు కూడా గుర్తుపెట్టుకోండి.' ఆ తర్వాత గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు. ఆ మౌనం నన్ను చాలా రోజులు వదల్లేదు. మేం ఆయన్ని ఎందుకు అంతగా ఇష్టపడ్డాం, ఏం చూడకుండా ఇష్టపడ్డాం అన్నది తేల్చుకోవాలనిపించింది. మిలాన్‌లో చదువుతున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు తనే ఈ టూర్ బుక్ చేసింది.

ఉదయం తొమ్మిదికి సెయింట్ పీటర్స్ చౌక్‌లో రాతి స్తంభం దగ్గర కలుసుకోవాలి. గైడ్‌తో కలిపి పన్నెండు మందిమి. బోస్టన్ నుంచి ఇద్దరు రిటైర్డ్ టీచర్లు, డబ్లిన్ నుంచి ఒక నర్సు, బ్యూనస్ ఏర్స్ నుంచి ఒక కుర్రాడు, మాడ్రిడ్ నుంచి పెళ్లి చేసుకున్న ఇద్దరు మగవాళ్లు, బొలోన్యా నుంచి యూనియన్‌లో పనిచేసే భార్యాభర్తలు, ఇంకో ఇద్దరు విద్యార్థులు, నేను. గైడ్ చెప్పిన దాన్నిబట్టి ఈ టూర్‌కి భక్తుల కంటే ఇలాంటివాళ్లే ఎక్కువ వస్తారట. గుడికి వెళ్లనివాళ్లు, వామపక్షం వైపు ఉన్నవాళ్లు, అయినా ఈ ఒక్క పోప్ మీద ఏదో మమకారం మిగిలినవాళ్లు.

మొదటి మజిలీ ఆ చౌక్ చుట్టూ ఉన్న స్తంభాల వరుస కిందే. 2015లో ఇక్కడ రోడ్డు మీద బతికేవాళ్ల కోసం షవర్లు కట్టించారు. సోమవారాలు మంగలివాళ్లు వచ్చి ఉచితంగా క్షౌరం చేసేవాళ్లు. మేం వెళ్లేసరికి ఒక ముసలాయన తడి తలతో, చేతిలో ప్లాస్టిక్ సంచితో బయటికి వస్తున్నాడు. గైడ్ మమ్మల్ని దూరంగా ఆపి, 'ఫోటోలు వద్దు, ఇది వాళ్ల స్నానాలగది' అంది. ఆ ఒక్క మాటతో ఈ మనిషి మీద నాకు నమ్మకం కుదిరింది. పేదరికాన్ని చూపించి డబ్బు తీసుకునే టూర్‌లో ఇది చాలా పెద్ద విషయం.

అక్కడే కొంచెం అవతల ఒక కంచు శిల్పం ఉంది. పడవలో ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డ 140 మంది వలస మనుషులు. 2019 సెప్టెంబర్‌లో పెట్టించారు. పైన స్తంభాల మీద 140 మంది పునీతుల విగ్రహాలుంటే, కింద నేల మీద 140 మంది శరణార్థులు. తర్వాత పక్క సందులో పలాట్సో మిల్యోరి అనే నాలుగంతస్తుల పాత భవనం. చర్చి ఆస్తి. దాన్ని ఖరీదైన హోటల్‌గా మార్చుకోవచ్చన్న ఆలోచన వచ్చినప్పుడు, ఇళ్లు లేనివాళ్లకి పడకలు వేయమన్నారట. 2019 నవంబర్‌లో ఆయనే వచ్చి తెరిచారు. అంత ఖరీదైన వీధిలో అలాంటి కిటికీల వెనక రోడ్డు మీది మనుషులు పడుకుంటున్నారు. బొలోన్యా యూనియన్ ఆయన ఆ భవనాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. మా బ్యాంకు వేలం వేసిన ఇళ్లు నాకు గుర్తొచ్చాయి.

అక్కడి నుంచి లుంగారా అనే పొడవాటి వీధి పట్టుకుని నది పక్కగా నడిస్తే రెజీనా చేలి జైలు. బయటి గోడ తప్ప చూడ్డానికి ఏమీ లేదు. అయినా మొత్తం టూర్‌లో నేను ఎక్కువ ఆలోచించింది ఇక్కడే. 2025 ఏప్రిల్ 17, పవిత్ర గురువారం రోజున ఫ్రాన్సిస్ ఈ జైలుకి వచ్చారు. ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రి నుంచి బయటపడి నెల కూడా కాలేదు. ఈసారి కాళ్లు కడగలేను గానీ మీ దగ్గర ఉండాలని వచ్చాను అని ఖైదీలతో చెప్పారు. ఆ తర్వాత బతికింది నాలుగు రోజులు.

పవిత్ర గురువారం కాళ్లు కడగడం అంటే ఏంటో తెలియనివాళ్లకి: యేసు తన శిష్యుల కాళ్లు కడిగిన దానికి గుర్తుగా ఆ సాయంత్రం ఫాదర్‌గారు పన్నెండు మంది కాళ్లు కడుగుతారు. నా చిన్నప్పుడు మా విచారణ (పారిష్) గుడిలో ఆ పన్నెండు మందీ మగవాళ్లే, ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లే. ఉపదేశి అయిన మా నాన్న నీళ్ల చెంబు, తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడేవారు. ఆయన్ని ఆ వరుసలో కూర్చోబెట్టింది చాలా ఏళ్ల తర్వాత. మా అమ్మని ఎప్పుడూ కూర్చోబెట్టలేదు. 2013 మార్చిలో, పోప్‌గా ఎన్నికై రెండు వారాలు దాటగానే, ఫ్రాన్సిస్ రోమ్‌లో పిల్లల జైలుకి వెళ్లి పన్నెండు మంది కాళ్లు కడిగితే అందులో ఇద్దరు అమ్మాయిలు, ఒక అమ్మాయి ముస్లిం. అప్పటికి రూల్ ప్రకారం మగవాళ్లకే కడగాలి. ఆయన ముందు కడిగేశారు, రూల్‌ని 2016 జనవరిలో మార్చారు. ఆ వార్త పేపర్లో చూసిన రోజు అమ్మకి ఫోన్ చేసి చదివి వినిపించాను. 'ఇప్పుడు పెట్టారా' అంది అమ్మ. ఇంకేమీ అనలేదు.

జైలు దగ్గర ఇదంతా గైడ్‌తో చెప్పాను. ఆమె ఆపి, గుంపు మొత్తానికి వినిపించమంది. నా ఇంగ్లీషు అంత ధారాళంగా ఉండదు, అయినా అందరూ ఆగి విన్నారు. ఈ సర్వీస్‌కి నేనిచ్చే మార్కుల్లో సగం దీనికే. తను చెప్పడానికే కాదు, వచ్చినవాళ్ల చేత చెప్పించడానికి కూడా ఈ గైడ్‌కి ఓపిక ఉంది.

నది దాటి కాంపో దే ఫియోరీకి వచ్చాక కాఫీ విరామం, ముప్ఫై ఐదు నిమిషాలు. కాఫీ మన ఖర్చే. ఆ చౌక్ మధ్యలో జొర్దానో బ్రూనో విగ్రహం ఉంది. మతధిక్కారం నేరం కింద 1600 ఫిబ్రవరి 17న ఆయన్ని ఇక్కడే సజీవంగా తగలబెట్టారు. 1889లో చర్చికి ఇష్టం లేకపోయినా ఆయన విగ్రహం నిలబెట్టారు. గైడ్ కావాలనే ఇక్కడ కూర్చోబెట్టి, అందరికీ ఒక అట్ట ముక్క ఇచ్చింది. దాని మీద అమెరికాలో గాలప్ సంస్థ చేసిన సర్వేల అంకెలు. ఫ్రాన్సిస్ మీద మంచి అభిప్రాయం ఉన్నవాళ్లు 2014 మొదట్లో 76 శాతం. 2015 జూలైకి 59 శాతం. సంప్రదాయవాదుల్లో 72 నుంచి 45కి పడిపోవడం ఊహించేదే, నెల ముందే పర్యావరణం గురించి ఆయన లేఖ 'లౌదాతో సి' వచ్చింది. కానీ ఉదారవాదుల్లో కూడా 82 నుంచి 68కి తగ్గింది. 'తనకి ఎదురు తిరిగినవాళ్లు సరే, తనవాళ్లు అనుకున్నవాళ్లు ఎందుకు తగ్గారు?' అని అడిగి గైడ్ తన కాఫీ తాగుతూ కూర్చుంది.

ఇక అరగంట ఎవరూ ఆగలేదు.

ముందు బోస్టన్ టీచర్లలో పెద్దావిడ. 2015 సెప్టెంబర్ 24న ఫ్రాన్సిస్ అమెరికా కాంగ్రెస్‌లో మాట్లాడుతుంటే ఆమె బయట పచ్చిక మీద జనంలో నిలబడి పెద్ద తెరమీద చూసింది. మార్టిన్ లూథర్ కింగ్ పేరు, డొరతీ డే పేరు ఆ సభలో వినపడ్డప్పుడు ఏడ్చేసిందట. డొరతీ డే కార్మికుల కోసం, యుద్ధాలకి వ్యతిరేకంగా జీవితమంతా పోరాడిన కాథలిక్ మహిళ, ఈమెకి ఆదర్శం. వారం తిరక్కుండానే ఇంకో వార్త. స్వలింగ జంటలకి పెళ్లి లైసెన్సులు ఇవ్వనన్న కెంటకీ గుమాస్తా కిమ్ డేవిస్‌ని కూడా అదే పర్యటనలో కలిశారని. ఆ కలయిక ఆమె వైఖరికి మద్దతు కాదని వాటికన్ తర్వాత వివరణ ఇచ్చింది. 'నాకు వివరణ చేరేలోగా మనసు విరిగిపోయింది' అంది ఆమె. ఆమెతో వచ్చిన స్నేహితురాలు మాత్రం ఒప్పుకోలేదు. ఎన్నుకున్న నాయకుడిలా ఆయన్ని చూడటం మన తప్పే అని ఆమె వాదన.

డబ్లిన్ నర్సు నెమ్మదిగా మాట్లాడింది. ఐర్లండ్‌లో 2018 మే 25న అబార్షన్ నిషేధం ఎత్తేయాలా అని ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే 66.4 శాతం మంది అవునన్నారు. ఆమె దానికోసం ఇల్లిల్లూ తిరిగింది. అదే ఏడాది అక్టోబర్‌లో ఫ్రాన్సిస్ అబార్షన్‌ని కిరాయి హంతకుణ్ని పెట్టుకోవడంతో పోల్చారు. 'నా వార్డులో ఏడుస్తూ కూర్చున్న ఆడపిల్లల మొహాలు నాకు గుర్తున్నాయి. వాళ్లని ఆయన ఒక్కసారి చూసి ఉంటే ఆ మాట వచ్చేదా?' అని అడిగింది. మరి ఈ టూర్‌కి ఎందుకొచ్చావని మాడ్రిడ్ అతను అడిగితే చెప్పింది: గాజాలో ఉన్న ఒకే ఒక్క కాథలిక్ గుడికి, యుద్ధం మొదలైనప్పటి నుంచి దాదాపు ప్రతి సాయంత్రం ఆయన ఫోన్ చేసేవారు. ఏం తిన్నారు, పిల్లలు ఎలా ఉన్నారు అని. ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా చేశారు. 'రాత్రి డ్యూటీలో నేను చేసేది కూడా అదే కదా' అంది. నాకు మా గ్రూపులో ఆ ఒక్క వాక్యం రాసిన నా స్నేహితురాలు కళ్లముందు మెదిలింది.

మాడ్రిడ్ జంట లెక్కలు కచ్చితంగా పెట్టుకున్నారు. 2013 జూలైలో విమానంలో అన్న 'తీర్పు చెప్పడానికి నేనెవరిని?' అన్న మాట. 2023 జనవరిలో స్వలింగ సంపర్కం నేరం కాదని స్పష్టంగా చెప్పడం. ఆ డిసెంబర్‌లో అలాంటి జంటలకి ఆశీర్వాదం ఇవ్వొచ్చని అనుమతి. 2024లో తలుపులు మూసిన సమావేశంలో గేల గురించి ఒక బూతు మాట వాడి, క్షమాపణ చెప్పాల్సి రావడం. పుస్తకంలో రాసున్న బోధన మాత్రం చెక్కుచెదరలేదు. 'మా అమ్మ గుడికి వెళ్తుంది. ఆయన వచ్చాక మా ఇద్దరినీ కలిపి క్రిస్మస్ భోజనానికి పిలిచింది. బోధన మారలేదు, మా అమ్మ మారింది. దీన్ని ఏ కాలమ్‌లో రాయాలి?' అన్నాడు అందులో చిన్నవాడు.

బ్యూనస్ ఏర్స్ కుర్రాడిది ఇంకో కథ. వాళ్ల దేశంలో వామపక్షం ఆయన్ని మొదట్లో అస్సలు నమ్మలేదు. 1976లో సైనిక పాలనలో ఇద్దరు జెస్యూట్ (యేసు సభ) గురువుల్ని, అంటే ఫాదర్లని, ఎత్తుకుపోయినప్పుడు, వాళ్ల పైఅధికారిగా బెర్గోగ్లియో (ఫ్రాన్సిస్ అసలు ఇంటిపేరు) సరిగా కాపాడలేదన్న ఆరోపణ చాలా కాలం వెంటాడింది. 2010లో స్వలింగ వివాహ చట్టం వస్తుంటే ఆర్చ్‌బిషప్‌గా దాన్ని దేవుడి సంకల్పాన్ని నాశనం చేసే ప్రయత్నం అంటూ గట్టిగా వ్యతిరేకించారు. వాళ్ల నాయనమ్మ అప్పుడు టీవీలో ఆయన కనపడితే కట్టేసేదట. అదే నాయనమ్మ 2013 తర్వాత వంటింట్లో ఆయన ఫోటో పెట్టుకుంది. ఎందుకంటే ఆవిడకి తెలిసిన మురికివాడ గురువులకి ఆయన అండగా ఉన్నాడు, బస్సులో, మెట్రోలో తిరిగేవాడు. ఆ తర్వాత, 2023లో దేశాధ్యక్షుడైన మిలేయ్ లాంటివాడు ఆయన్ని భూమ్మీద సైతాను ప్రతినిధి అని తిట్టాక, కుర్రాడి కమ్యూనిస్టు స్నేహితులు కూడా ఆయన వైపు వచ్చేశారు. 'కానీ పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు' అన్నాడు. అది రాజకీయ విమర్శలా అనిపించలేదు. మనవడు తాతగారి మీద పడే బాధలా ఉంది.

నేనేమన్నానో కూడా రాస్తాను. మా బ్యాంకులో ఒకసారి ఒక రీజినల్ మేనేజర్ వచ్చారు. అటెండర్లతో కలిసి టిఫిన్ బాక్స్ విప్పేవారు, పేరు పెట్టి పలకరించేవారు, ధర్నా టెంటు దగ్గరికి వచ్చి మంచినీళ్లు ఉన్నాయా అని అడిగేవారు. మేం ఆయన్ని మావాడు అనుకున్నాం. ఏడాది తర్వాత బదిలీ సర్క్యులర్ ఎప్పటిలాగే వచ్చేసరికి మోసపోయామని ఆవేశపడ్డాం. నిజానికి ఆయన ఎప్పుడూ మావాడినని చెప్పలేదు. ఆ టిఫిన్ బాక్స్ అబద్ధం కాదు, ఆ సర్క్యులర్ కూడా అబద్ధం కాదు. ఫ్రాన్సిస్ విషయంలో ప్రపంచం మొత్తం మీద అభ్యుదయవాదులకి జరిగింది ఇదే అని నా అభిప్రాయం. ఆయన ఎక్కడ నిలబడ్డారో చూసి ప్రేమించాం, ఏ సర్క్యులర్ మార్చలేదో చూసి విరక్తి పడ్డాం. మధ్యలో ఆయన నిజంగా మార్చిన సర్క్యులర్లు మన కంట పడలేదు. 2018లో మరణశిక్ష ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోదగ్గది కాదని చర్చి బోధనలోనే తిరగరాశారు. 2023లో బిషప్పుల సినడ్ అనే మహాసభలో ఆడవాళ్లు మొదటిసారి ఓటు వేశారు. చనిపోయే ఏడాది జనవరిలో వాటికన్‌లో ఒక ప్రధాన శాఖకి మొదటిసారి ఒక సిస్టర్‌ని, సిమోనా బ్రంబిల్లాని, అధిపతిని చేశారు. కానీ ఆడవాళ్లు గురువులు కావడం గురించి అడిగితే ఆ తలుపు మూసేసి ఉందనే చెప్పారు. అదీ రాసుకోవాలి.

తర్వాత జేసూ గుడి. ఇది జెస్యూట్‌ల, మన వైపు చెప్పుకునే యేసు సభ గురువుల ముఖ్యమైన గుడి. లోపలి బంగారు పని గురించి ఎవరైనా రాస్తారు, నేను రాయను. ఇక్కడ పెద్రో అర్రుపే సమాధి ఉంది. 1980లో శరణార్థుల కోసం జెస్యూట్ సేవా సంస్థని మొదలుపెట్టిన మనిషి. పక్క వీధిలోనే ఆ సంస్థ నడిపే ఆస్తల్లి కేంద్రం. 2013 సెప్టెంబర్‌లో ఫ్రాన్సిస్ అక్కడికి వచ్చి, ఖాళీగా ఉన్న మఠాల్ని హోటళ్లు చేసి డబ్బు సంపాదించొద్దు, అవి శరణార్థులవి అని చెప్పారు. ఆ సమాధి దగ్గర నాకు స్టాన్ స్వామి గుర్తొచ్చారు. ఆయనా యేసు సభ గురువే. 83 ఏళ్ల వయసులో, పార్కిన్సన్స్ జబ్బుతో ఉండగా అరెస్టు చేశారు. జైల్లో నీళ్లు తాగడానికి సిప్పర్ కోసం కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2021 జూలై 5న కస్టడీలో ఉండగానే పోయారు. మా యూనియన్ ఆఫీసులో సంతాప సభ పెడితే గుడికి వెళ్లనివాళ్లే ఎక్కువ మంది వచ్చారు. జార్ఖండ్ ఆదివాసీల కోసం ఆయన పడిన కష్టం గురించి మాట్లాడారు. ఆ గుడి మెట్ల మీద మన దేశం వాళ్లెవరూ లేరు, అందుకే అది ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

అక్కడి నుంచి బస్సులో శాంతా మరియా మజ్జోరే గుడికి, ఫ్రాన్సిస్‌ని సమాధి చేసిన చోటికి. బస్సు టికెట్ టూర్ ధరలో లేదు, యూరోన్నర, వంద నిమిషాలు చెల్లుతుంది. ముందే కొనుక్కుని ఉంచుకోండి. అది జూబిలీ ఏడాది, అంటే చర్చి పాతికేళ్లకోసారి జరిపే పవిత్ర సంవత్సరం, కాబట్టి లోపలికి వెళ్లడానికే నలభై నిమిషాల లైను ఉండింది. ఎడమ వైపు, రెండు ప్రార్థనా మందిరాల మధ్య గోడలో ఆ సమాధి. తాతల ఊళ్లున్న లిగూరియా ప్రాంతం నుంచి తెచ్చిన రాయి. దాని మీద 'ఫ్రాన్సిస్కుస్' అని లాటిన్‌లో పేరు, అంతే. పుట్టిన తేదీ లేదు, పోయిన తేదీ లేదు, పదవి లేదు. పైన ఒక శిలువ, ఒక్క తెల్ల గులాబీ. ఏప్రిల్ 26న శవపేటిక ఈ గుడికి వచ్చినప్పుడు మెట్ల మీద తెల్ల గులాబీలతో ఎదురొచ్చింది రాజులూ అధ్యక్షులూ కాదు. ఇళ్లు లేనివాళ్లు, ఖైదీలు, ట్రాన్స్‌జెండర్ మనుషులు, వలస వచ్చినవాళ్లు, సుమారు నలభై మంది.

లైనులో గార్డులు ఆగనివ్వరు. నాకు దొరికింది పదిహేను సెకన్లు ఉంటుందేమో. ఆ పదిహేను సెకన్లలో నేను తలుచుకుంది మా నాన్నని. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకి ఎస్సీ హోదా లేదు. మా ఇంట్లో అందరికీ బీసీ-సీ సర్టిఫికెట్లే. గుడి బయట ఆ నష్టం, గుడి లోపల కులం వల్ల ఇంకో నష్టం. మన తెలుగు విచారణల్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎవరి సమాధులు ఏ మూల ఉంటాయో తెలిసినవాళ్లకి నేను విడమర్చక్కర్లేదు. 2022 ఆగస్టు 27న కర్నూలు వైపు పుట్టిన పూల ఆంథోనిగారిని ఫ్రాన్సిస్ కార్డినల్ చేశారు. మొదటి తెలుగు కార్డినల్, మొదటి దళిత కార్డినల్. కొత్త పోప్‌ని ఎన్నుకున్న ఓట్లలో ఆయన ఓటు ఒకటి. ఆ వార్త వచ్చిన రోజు మా తమ్ముడు ఫోన్ చేసి, 'అక్కా, నాన్న ఉండి ఉంటే' అని ఆగిపోయాడు. ఒక్క నియామకంతో మా ఊరి గుడిలో వరుసలు మారలేదు, నిజం. అయినా నీళ్ల చెంబు పట్టుకుని నిలబడ్డ మనిషి కూతురిగా అది నాకు చిన్న విషయం అని ఎవరు చెప్పినా ఒప్పుకోను.

ఆఖరి మజిలీ స్పిన్ టైమ్ అనే భవనం, అక్కడి నుంచి పావుగంట నడక. ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ కార్యాలయ భవనాన్ని ఉద్యమకారులు ఆక్రమించి, ఇళ్లు లేని కుటుంబాలకి ఇల్లుగా మార్చారు. నాలుగు వందల మందికి పైగా ఉంటారు. 2019 మేలో బిల్లు బకాయి అని కరెంటు కట్ చేశారు. పిల్లలున్నారు, ఫ్రిజ్‌లో మందులున్నాయి. పోప్ దానధర్మాలు చూసే కార్డినల్ క్రయెవ్‌స్కీ రాత్రి వచ్చి, నేలలోని గుంతలోకి దిగి, సీలు తెంచి కరెంటు కలిపారు. అప్పటి హోంమంత్రి సాల్వినీ, మూడు లక్షల యూరోల బకాయి కూడా కట్టేయండి అన్నాడు. రోమ్ వామపక్ష యువకులకి ఈ పోప్ కాలం మీద ప్రేమ పుట్టడానికి ఏ లేఖా, ఏ ప్రసంగమూ ఇంత కారణం కాదని గైడ్ అంది. నేను నమ్ముతాను. బకాయిల మీద కరెంటు కట్ అయిన ఇల్లు ఎలా ఉంటుందో చూసినవాళ్లకి అది వెంటనే అర్థమవుతుంది.

ఇంత గొప్ప చోటుకి మాకు మిగిలింది పన్నెండు నిమిషాలు. లైనులో టైమ్ పోయింది. సమాధి దగ్గర రద్దీ ఉంటుందని తెలిసీ టైమ్ సరిగా వేసుకోకపోవడం సర్వీస్ లోపమే. ఇంకో లోపం, చెవిలో పెట్టుకునే రిసీవర్. నది దగ్గర ట్రాఫిక్‌లో నాది గరగరమంటూ ఉండిపోయింది, మార్చడానికి స్పేర్ లేదు. నాలుగు గంటల్లో టాయిలెట్‌కి అవకాశం కాఫీ దగ్గర ఒక్కసారే. అరవై దాటినవాళ్లకి ఇది ముందే చెప్పాలి. రాళ్లు పరిచిన రోడ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెత్తటి బూట్లు వేసుకోవాలి. ఇవన్నీ సర్దుకోవచ్చు.

సర్దుకోలేనిది ఒకటుంది. నాలుగు గంటల్లో, పిల్లల మీద గురువులు చేసిన లైంగిక దాడుల గురించి గైడ్ తనంతట తాను ఒక్క మాట కూడా ఎత్తలేదు. కాఫీ దగ్గర డబ్లిన్ నర్సు అడిగితేనే చెప్పింది. 2018 జనవరిలో చిలీలో, ఒక బిషప్ మీద బాధితులు చేసిన ఆరోపణని ఫ్రాన్సిస్ అపవాదు అన్నారు. తర్వాత విచారణ చేయించి, ఏప్రిల్‌లో పెద్ద తప్పు చేశానని రాసి, బాధితుల్ని పిలిపించి క్షమాపణ అడిగారు. మే నెలలో చిలీ బిషప్పులందరూ రాజీనామాలు ఇచ్చారు. 2019లో ఇలాంటి కేసుల మీద ఉన్న రహస్య నియమాన్ని ఎత్తేశారు. ఇది చెప్పకుండా ఆయన్ని ఎలా చూపిస్తారు? అభ్యుదయవాదుల్లో ఎంతోమంది ఆయన మీద నమ్మకం పోగొట్టుకుంది అక్కడే. పేదల దగ్గరికి వెళ్లిన మనిషి, నమ్మమని ఏడ్చిన మనుషుల్ని మొదట నమ్మలేదు. ఆ తప్పు ఒప్పుకోవడం కూడా ఆయన చేసిన పెద్ద పనుల్లో ఒకటి. ఇష్టపడి వచ్చినవాళ్ల మనసు నొప్పించకూడదని దాన్ని పక్కన పెట్టడం నాకు అన్యాయంగా అనిపించింది. ఐదుకి నాలుగు ఇస్తున్నాను, ఆ ఒక్కటి తగ్గించింది దీనికే.

మిలాన్ తిరిగొచ్చాక వాళ్ల ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఇదంతా రాశాను. జైలు గోడ దగ్గర చెప్పొచ్చు, అక్కడ టైమ్ ఉంది, చోటు కూడా సరైనదే అని సూచించాను. రెండు రోజుల్లో గైడ్ జవాబు రాసింది. డబ్లిన్ ఆవిడ కూడా ఇదే రాసిందట. వచ్చే నెల నుంచి చేరుస్తామని, రిసీవర్లు కొత్తవి కొంటున్నామని చెప్పింది. మీలో ఎవరైనా రోమ్ వెళ్లి ఇలాంటి టూర్ ఏదైనా తీసుకుంటే, రెజీనా చేలి గోడ దగ్గర చిలీ సంగతి చెప్పారో లేదో నాకు రాయండి.